డిస్క్ బ్రేక్ కాలిపర్: ఇంట్లో శుభ్రం చేసుకోవాలా, మెకానిక్‌కి ఇవ్వాలా, కొత్తది కొనాలా?

డిస్క్ బ్రేక్ ఉన్న బండికి ప్యాడ్లు మార్చడం అందరికీ తెలుసు. ఆ ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది బిగుసుకుపోయి ముందు చక్రం తిరగనప్పుడు షెడ్డుకి తోసుకెళ్తాం. అక్కడ “మొత్తం సెట్టు మార్చేయాలి” అంటారు. పక్క షెడ్డులో “ఏటవదు బాబూ, పెట్రోలేసి కడిగేస్తే అయిపోద్ది” అంటారు. రెండూ అన్నిసార్లూ నిజం కావు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బైకు వాడేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నా లెక్క ఒకటే. బ్రేక్ ఆయిల్ వెళ్ళే దారి విప్పకుండా అయ్యే పనులు ఇంట్లో చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. ఆయిల్ గొట్టం విప్పక తప్పదంటే మాత్రం మూడు సంగతులు చూసి నిర్ణయించుకోవాలి: బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉందా, సీల్ కిట్ (కాలిపర్ లోపలి రబ్బరు సీల్స్ సెట్టు) విడిగా దొరుకుతుందా, బండి సముద్రం గాలికి నిలబడుతుందా.

అసలు పాడయ్యేది ఏమిటి

లివర్ నొక్కితే ఆయిల్ ఒత్తిడికి కాలిపర్‌లోని పిస్టన్ బయటికి జరిగి ప్యాడ్‌ని డిస్క్‌కి నొక్కుతుంది. వదిలితే వెనక్కి వస్తుంది. వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగు ఏమీ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు అంచుల రబ్బరు సీల్ లివర్ నొక్కినప్పుడు కొంచెం మెలిపడుతుంది, వదలగానే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాక్కుంటుంది. ఆ వెంట్రుకవాసి కదలికే చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది. పిస్టన్ మీద మట్టి గడ్డకట్టినా, సీల్ గట్టిపడినా ఆ కదలిక పోతుంది, ప్యాడ్ డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటుంది.

మన రోడ్ల మీద తిరిగే చాలా బండ్లకు ఉండేది జరిగే రకం కాలిపర్. పిస్టన్లు ఒక పక్కనే ఉంటాయి. కాలిపర్ మొత్తం రెండు స్లైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతూ రెండో ప్యాడ్‌ని కూడా పట్టిస్తుంది. ఈ పిన్నుల మీద గ్రీజు ఎండిపోతే ఒక ప్యాడే పనిచేస్తుంది. నా అనుభవంలో “కాలిపర్ పోయింది” అని పక్కన పెట్టేసిన వాటిలో చాలావాటికి అసలు జబ్బు ఈ పిన్నులే.

ఇక సముద్రం. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు, ఇటు భోగాపురం, చింతపల్లి తీరాన ఉండే బండ్లకు ఇంకో బాధ ఉంటుంది. కాలిపర్ ఒళ్ళు అల్యూమినియం. ఉప్పుగాలికి అది తెల్లటి పొడిలా పూస్తుంది. ఆ పొడి సీల్ కూర్చునే గాడిలోకి చేరితే సీల్‌ని వెనక నుంచి నెట్టి పిస్టన్‌ని నొక్కేస్తుంది. పైనుంచి ఎంత కడిగినా ఇది పోదు, ఎందుకంటే జబ్బు సీల్ వెనకాల ఉంది. ఒకే బండి, ఒకే వయసు అయినా పార్వతీపురంలో ఉన్నదానికి ఇంట్లో శుభ్రం చేస్తే సరిపోతుంది, కళింగపట్నంలో ఉన్నదానికి సరిపోకపోవచ్చు.

ముందు జబ్బు పట్టుకోండి, తర్వాత ఖర్చు

బండిని మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపి తిప్పండి. సన్నగా రాసుకుంటున్న చప్పుడు వస్తూ రెండు మూడు చుట్లు తిరిగితే ఫర్వాలేదు. వెంటనే ఆగిపోతుంటే పిస్టనో పిన్నులో బిగిశాయి. ప్యాడ్లు తీసి చూడండి. పిస్టన్ వైపు ప్యాడ్ బాగా అరిగి, అవతలిది కొత్తదిలా ఉంటే తప్పు పిన్నులది. రెండూ సమానంగా, కానీ తొందరగా అరుగుతుంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు.

లివర్ మెత్తగా, స్పాంజి నొక్కినట్టు ఉంటే కాలిపర్‌ని కడిగి లాభం లేదు. అది గొట్టంలో చేరిన గాలి, లేదా పాతబడిన ఆయిల్. లివర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ల మీద నూనె పడిందనో, ప్యాడ్ ముఖం గాజులా నున్నబడిందనో అర్థం. చైనుకి కొట్టే స్ప్రే తుంపర డిస్క్ మీద పడితే ఇలాగే అవుతుంది. నూనె పీల్చిన ప్యాడ్లను కాల్చి, గీకి బాగుచేస్తామనేవాళ్ళున్నారు. నేనైతే కొత్తవి కొంటాను.

రిజర్వాయర్‌లో, అంటే హ్యాండిల్ దగ్గరుండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో, లెవెల్ నెమ్మదిగా తగ్గడం మామూలే. ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్ ముందుకొస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. ఒక్కసారిగా తగ్గినా, పిస్టన్ చుట్టూ తడి కనిపించినా అది లీకు. లీకైతే శుభ్రం చేయడం గురించి ఆలోచించక్కర్లేదు, సీల్ మార్చాల్సిందే.

గొట్టం విప్పకుండా ఇంట్లో చేసుకునే సర్వీసు

దీనికి ఏబీఎస్ ఉన్నా లేకున్నా తేడా లేదు. కావాల్సినవి ఎలెన్ కీలు, స్పానర్లు, పాత టూత్ బ్రష్, సబ్బు నీళ్ళు, బ్రేక్ క్లీనర్ స్ప్రే, సరైన గ్రీజు. అంతే.

కాలిపర్‌ని ఫోర్క్‌కి పట్టి ఉంచే రెండు బోల్టులు తీస్తే అది చేతికి వస్తుంది. గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో ఎక్కడికైనా కట్టండి. ప్యాడ్లు తీసేముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే లోపలి స్ప్రింగ్ రేకు ఎటు తిప్పి పెట్టాలో తర్వాత తికమక ఉండదు. ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదకండి, పంపుతో గాలి కొట్టకండి. తడి గుడ్డతో తుడవండి. ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన దుమ్ము కాదది.

తర్వాత లివర్‌ని మెల్లగా నొక్కుతూ పిస్టన్‌ని కొన్ని మిల్లీమీటర్లు బయటికి రప్పించాలి. పూర్తిగా ఊడి రాకుండా ఎదురుగా చిన్న చెక్క ముక్క పెట్టండి. బయటికొచ్చిన భాగం చుట్టూ నల్లటి పొర కనిపిస్తుంది. బ్రష్‌తో అన్ని వైపులా శుభ్రం చేయండి. అవతలి వైపు కనిపించకపోతే పాత గుడ్డపీలికను స్ప్రేతో తడిపి పిస్టన్ చుట్టూ వేసి అటూ ఇటూ లాగండి. గరుకు కాగితం వాడొద్దు, పిస్టన్ పై పూత పోతుంది. శుభ్రం చేయకుండా వెనక్కి నెట్టడం కంటే అసలు ముట్టుకోకపోవడం మేలు, ఆ మట్టి నేరుగా సీల్ కిందికి పోతుంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు చాలా షెడ్లలో జరిగేది ఇదే. స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ని తోసేసి ప్యాడ్లు పెట్టి పంపేస్తారు. మీరు అక్కడే నిలబడి “పిస్టన్ తుడిచి నెట్టండి” అని ఒక్క మాట చెప్తే చాలు.

రెండు పిస్టన్లుంటే ఒకటి ముందుకొచ్చి, రెండోది కదలకపోవచ్చు. వచ్చినదాన్ని పట్టి ఆపి లివర్ నొక్కితే మొండిది కదులుతుంది. నాలుగైదుసార్లు బయటికీ లోపలికీ ఆడిస్తే చాలావరకు దారికొస్తుంది. అప్పటికీ రాకపోతే అది ఇంటి పని కాదు.

వెనక్కి నెట్టేముందు రిజర్వాయర్ చుట్టూ గుడ్డ చుట్టండి. ఎవరైనా మధ్యలో ఆయిల్ నిండుగా పోసి ఉంటే అది పొంగి ట్యాంకు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. పడితే తుడిచి ఊరుకోకుండా వెంటనే నీళ్ళు పోసి కడగాలి.

స్లైడ్ పిన్నులు లాగి పాత గ్రీజు మొత్తం తుడిచి, వాటి రబ్బరు తొడుగులు (బూట్లు అంటారు) చిరిగాయేమో చూసి, పల్చగా కొత్త గ్రీజు రాసి పెట్టండి. వేళ్ళతో తోస్తే కాలిపర్ జారాలి. ఈ పనికి నేర్పు అక్కర్లేదు, ఒక ఆదివారం ఉదయం చాలు. వరిమళ్ళ గట్ల మీద, దమ్ము బురదలో తిరిగే బండికి వానాకాలం అయ్యాక ఒకసారి తప్పనిసరి. తీరంలో ఉండేవాళ్ళు ఏడాదికి రెండుసార్లు చేసుకోవడం నయం.

దేనితో కడగాలి, ఏ గ్రీజు రాయాలి

నేను చూసినంతలో ఎక్కువ కాలిపర్లు పాడయ్యేది నిర్లక్ష్యం వల్ల కాదు, తప్పు సామాను వల్ల. పెట్రోలు, కిరోసిన్, డీజిల్ మూడూ మురికిని బ్రహ్మాండంగా వదిలిస్తాయి. కానీ కాలిపర్ సీల్స్‌కి వాడే రబ్బరు పెట్రోలియం తగిలితే ఉబ్బిపోతుంది. ఉబ్బిన సీల్ పిస్టన్‌ని పట్టేస్తుంది. కడిగిన రోజు బాగానే ఉంటుంది, తర్వాతే తెలుస్తుంది. అందుకే పెట్రోలు సలహా ఇచ్చినవాళ్ళ మీద అనుమానం ఎవరికీ రాదు.

బయటి బురదకి సబ్బు నీళ్ళు చాలు. పిస్టన్‌కి, డిస్క్‌కి బ్రేక్ క్లీనర్ స్ప్రే మంచిది, ఏమీ మిగల్చకుండా ఆరిపోతుంది. నిప్పంటుకునే సరుకు కాబట్టి ఆరుబయట వాడాలి, వేడి డిస్క్ మీద కొట్టకూడదు. అది దొరకకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. ఆల్కహాలే కదా అని కరోనా రోజుల్లో మిగిలిన శానిటైజర్ తీయకండి. చేతులు పొడిబారకుండా వాటిలో సాధారణంగా గ్లిసరిన్ కలుపుతారు, అది డిస్క్ మీద జిడ్డుగా మిగులుతుంది. డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రేలు బ్రేకు దరిదాపుల్లోకి రాకూడదు. వాటర్ సర్వీసింగ్ కుర్రాళ్ళకి కూడా చెప్పండి, గన్ను నీళ్ళు దగ్గర నుంచి కాలిపర్ మీద కొడితే అవి దుమ్మును ఆపే సీల్ దాటి లోపలికి పోతాయి.

గ్రీజు సంగతికొస్తే, షెడ్లలో డబ్బాల్లో ఉండే మామూలు గ్రీజు ట్రాక్టరుకీ, బేరింగులకీ. స్లైడ్ పిన్నులకి రాస్తే బూట్లు ఉబ్బుతాయి, పిన్నులు మళ్ళీ బిగుస్తాయి. పిన్నులకి సిలికాన్ గ్రీజు వాడాలి. పిస్టన్‌కి, సీల్స్‌కి ఎర్రటి రబ్బర్ గ్రీజు అని వేరే ఉంటుంది, దాన్ని ఆముదం ఆధారంగా తయారుచేస్తారు. అలా అన్నానని ఇంట్లో ఆముదం సీసా తేకండి! రాగి గ్రీజు ప్యాడ్ వీపు మీద మాత్రమే, అదీ పల్చగా, కీచుమనకుండా. రబ్బరు ఉన్నచోట దాని పని లేదు. అన్నీ కొనడం ఎందుకనుకుంటే ఒక్క సిలికాన్ గ్రీజు ట్యూబు కొనండి. చిన్న ట్యూబు ఏళ్ళకేళ్ళు వస్తుంది.

సీల్స్ మార్చాల్సి వస్తే

ఇక్కడ గొట్టం విప్పాలి, పిస్టన్ పూర్తిగా బయటికి తీయాలి, రెండు రకాల సీల్స్ (ఆయిల్‌ని ఆపేది, దుమ్మును ఆపేది) మార్చాలి, గాడిలోని తెల్లపొడిని సీల్ తీసి జాగ్రత్తగా గీకాలి, చివర్లో గొట్టంలోంచి గాలి తీయాలి. ఇవన్నీ ఇంట్లో చేసేవాళ్ళున్నారు. ఏబీఎస్ లేని పాత బండి, చేతిలో సర్వీస్ మాన్యువల్, పక్కన ఇంకో మనిషి ఉంటే చేయొచ్చు.

గాలి తీయడం కష్టమైన పని కాదు, ఓపిక పని. కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే నిపిల్‌కి సన్నటి పారదర్శక గొట్టం తొడిగి సీసాలోకి వదలాలి. ఒకరు లివర్ నొక్కి పట్టాలి, రెండోవారు నిపిల్ తిప్పి వదిలి మళ్ళీ బిగించాలి, ఆ తర్వాతే లివర్ వదలాలి. ఈ వరస తప్పితే బయటి గాలి లోపలికి వెళ్తుంది. పైన రిజర్వాయర్ ఒక్కసారి కూడా ఖాళీ కాకూడదు. గొట్టం చివరి బోల్టుకి రెండు పక్కలా ఉండే రాగి వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. చాలామంది ఇక్కడే పిసినారితనం చేసి తర్వాత చుక్క చుక్క లీకు చూసుకుంటారు.

పిస్టన్ బయటికి రాకపోతే కంప్రెసర్ గాలి కొట్టి తీసే అలవాటు షెడ్లలో ఉంది. అది తూటాలా వస్తుంది. ఎదురుగా వేళ్ళుంటే నుజ్జవుతాయి. ఇంట్లో దాని జోలికి పోవద్దు.

ఇక ఏబీఎస్. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. కాబట్టి ఆ తర్వాత కొన్న పెద్ద బండి అయితే మీదానికీ ఉంటుంది. ఏబీఎస్ పెట్టెలోకి గాలి చేరితే మామూలుగా లివర్ నొక్కి తీయడం కొన్ని బండ్లలో కుదరదు, కంపెనీ యంత్రం తగిలించి పంపు నడిపించి తీయాలి. అందుకే ఏబీఎస్ బండికి సీల్స్ పని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వమంటాను. చక్రం దగ్గరుండే సెన్సార్ తీగ, పళ్ళ రింగు కూడా సున్నితమే. ఇంట్లో పైపై శుభ్రం చేసేటప్పుడు ఇనుప బ్రష్ వాటికి తగలనివ్వకండి.

ఊరి మెకానిక్, కంపెనీ సెంటర్, కొత్త కాలిపర్

ఏబీఎస్ లేని బండికి తెలిసిన మెకానిక్ ఉంటే నా ఓటు ఆయనకే. మీ కళ్ళముందు పని జరుగుతుంది, సీల్స్ మాత్రమే మార్చడానికి ఆయన ఒప్పుకుంటాడు. కంపెనీ సెంటర్లో ఓపికగా పిస్టన్ తుడిచే టైము ఉండదు, అసెంబ్లీ, అంటే కాలిపర్ మొత్తం సెట్టు, మార్చడం వాళ్ళకి సులువు. అయితే మెకానిక్ మంచివాడో కాదో బోర్డు చూసి తెలియదు, అడిగి తెలుసుకోవాలి. దేనితో కడుగుతారు? పిన్నులకి ఏ గ్రీజు? రాగి వాషర్లు కొత్తవేనా? సీలు వేసి ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా నా ముందే తెరుస్తారా? ఈ ప్రశ్నలకి చిరాకు పడకుండా జవాబు చెప్పేవాడికి బండి ఇవ్వండి.

సీల్ కిట్ ఖర్చు మామూలుగా వందల్లో ఉంటే, కాలిపర్ అసెంబ్లీ చాలా బండ్లకు వేలల్లోకి పోతుంది. తేడా పెద్దదే. కానీ కిట్ అన్ని బండ్లకీ దొరకదు. ఎక్కువగా అమ్ముడయ్యే బండ్లకి శ్రీకాకుళం, విజయనగరం షాపుల్లోనే అడగొచ్చు. అరుదైన మోడల్ అయితే విశాఖ నుంచి తెప్పించాల్సి రావచ్చు. కిట్ కొనేముందు కాలిపర్ విప్పించి పిస్టన్ చూడండి. గోరు పెట్టి రాస్తే తగిలే గుంటలు పిస్టన్ మీద, సీల్ ఆనే చోట ఉంటే కొత్త సీల్ కూడా నిలవదు. అప్పుడు పిస్టన్ విడిగా దొరికితే అది, లేకపోతే మొత్తం కాలిపర్. కాలిపర్ లోపలి గోడే గుంటలు పడితే, నిపిల్ విరిగిపోతే, బోల్టు మర పోతే ఆలోచించకుండా కొత్తది కొనండి. తుక్కు దుకాణంలో దొరికే పాత కాలిపర్ వద్దు. దాని సీల్స్ ఎన్నేళ్ళవో, ఆ బండికి ఏమైందో ఎవరు చెప్తారు?

కార్ల గురించి ఒక్క మాట. వెనక డిస్కులున్న కొన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్ కాలిపర్‌లోనే ఉంటుంది, ఆ పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి. బలంగా నొక్కితే లోపలి మర విరిగిపోతుంది. కార్లను షెడ్డుకే ఇవ్వండి.

ఆయిల్ ఏది పోయించాలి

మీ రిజర్వాయర్ మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అది బ్రేక్ ఆయిల్ రకం. రెండూ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. డాట్ 4కి ఇవి 230, 155. ఊళ్ళో తిరిగే బండికి ఈ తేడా తెలియదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ నుంచి ఇద్దరెక్కి దిగుతున్నప్పుడు తెలుస్తుంది. ఒకేపనిగా బ్రేకు పట్టుకుని దిగితే కాలిపర్ కాగి, తేమ పట్టిన ఆయిల్ మరిగి బుడగలవుతుంది, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. సాలూరు నుంచి ఒడిశా వైపు ఘాట్ ఎక్కి దిగేవాళ్ళకీ ఇదే. తక్కువ గేరులో దిగడం మొదటి జాగ్రత్త, రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్పించడం రెండోది.

డాట్ 3 బండిలో డాట్ 4 పోయొచ్చు. కాబట్టి డాట్ 4 అడగండి, గొడవ ఉండదు. డాట్ 5.1 ఇంకా ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, ధరా ఎక్కువే, మామూలు వాడకానికి దాని అవసరం కనిపించదు. డాట్ 5 మాత్రం పేరు దగ్గరగా ఉన్నా వేరే జాతి, సిలికాన్ ఆయిల్. మిగతావాటితో కలపకూడదు, ఏబీఎస్ బండ్లలో పోయకూడదు. షెడ్డులో మూత తీసి నెలల తరబడి పెట్టిన డబ్బా మన తేమగాలికి ఎప్పుడో నీళ్ళు తాగి ఉంటుంది. చిన్న సీసా కొత్తది కొని మీరే పట్టుకెళ్ళండి.

పని ఎవరు చేసినా, బండి కదిలించేముందు

పిస్టన్ వెనక్కి నెట్టాక మొదటిసారి లివర్ నొక్కితే అది ఖాళీగా హ్యాండిల్‌కి తగులుతుంది. గట్టిపడేదాకా పదేపదే నొక్కి, ఆ తర్వాతే బండి స్టార్ట్ చేయాలి. ఇది మర్చిపోయి ఎన్‌హెచ్ 16 ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బోల్టులు మాన్యువల్‌లో రాసిన బిగువుకే బిగించాలి. బిగువు కొలిచే టార్క్ రెంచ్ లేకపోతే, ఇంట్లో పని అయ్యాక మెకానిక్ దగ్గర ఆ రెండు బోల్టులూ సరిచూపించుకోండి. డిస్క్ ప్లేటు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, అంతకంటే పల్చబడి ఉంటే కాలిపర్ ఎంత బాగున్నా ప్లేటు మార్చాల్సిందే.

కొత్త ప్యాడ్లు వేస్తే మొదట కొంత దూరం ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ, పూర్తిగా ఆపకుండా వేగం తగ్గిస్తూ వాటిని డిస్క్‌కి అలవాటు చేయండి. ఇంటికొచ్చాక డిస్క్‌కి దగ్గరగా చెయ్యి పెట్టి వేడి చూడండి, తాకకండి. బ్రేకు పెద్దగా వాడకుండానే సెగ కొడుతుంటే పిస్టన్ ఇంకా వదలడం లేదు. మర్నాడు పొద్దున రిజర్వాయర్ కిటికీలో లెవెల్, నిపిల్ చుట్టూ, పిస్టన్ చుట్టూ తడి ఉందేమో చూడండి. తడి కనిపిస్తే ఆ రోజుకి బస్సెక్కండి, బండిని ఆటో ట్రాలీలో షెడ్డుకి పంపండి.